రెండు పూటల ఇన్‌హేలర్ నుంచి ఒక్క పూటకు: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

నాకు సీఓపీడీ (గాలి గొట్టాలు సన్నబడి ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని తెలిసి తొమ్మిదేళ్లయింది. మొదటి ఆరేళ్లు పొద్దున, రాత్రి పీల్చే ఇన్‌హేలర్ వాడాను. మూడేళ్లుగా రోజుకు ఒక్కసారి పీల్చేది వాడుతున్నాను.

పాతది క్యాప్సూల్ రకం, అంటే క్యాప్సూల్‌ను పరికరంలో పెట్టి దానిలోని పొడిని పీల్చేది. అందులో గాలి గొట్టాలను తెరిచే ఫార్మోటెరాల్, వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసొనైడ్ ఉండేవి. మందులో లోపం లేదు. ఫార్మోటెరాల్ ప్రభావం దాదాపు 12 గంటలు ఉంటుంది కాబట్టి రెండు పూటలు పీల్చాలి. పొద్దున డోసు నేనెప్పుడూ మర్చిపోలేదు. లేవగానే ఛాతీ పట్టేసినట్టుండి, కఫం అడ్డుపడుతుంటే ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేదు. రాత్రికి ఊపిరి తేలికగా ఆడేది. బాగానే ఉంది కదా అని పడుకునేవాణ్ని. ఆ తేలిక పొద్దున పీల్చిన మందు వల్లేనని అప్పట్లో తట్టలేదు.

నెలకు 60 క్యాప్సూల్స్ అయిపోవాలి. ఒకసారి నెలాఖరున డబ్బా వంచి లెక్కపెడితే 17 మిగిలాయి. అప్పటికే ఆ ఏడాది రెండుసార్లు ఆయాసం బాగా పెరిగి యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వచ్చింది. డాక్టర్ అడిగిన ప్రతిసారీ "రోజూ పీలుస్తున్నానండీ" అనే చెప్పాను. ఆ మిగిలినవాటిని అలాగే తీసుకెళ్లి చూపించాను. ఆయన కోప్పడలేదు. "ఏ పూటవి ఇవి?" అని మాత్రం అడిగారు. రాత్రివేనని చెప్పాక, అలాంటి పనే చేస్తూ ప్రభావం 24 గంటలుండే విలాంటెరాల్, స్టెరాయిడ్ ఫ్లూటికసోన్ ఫ్యూరోయేట్ కలిసినదానికి మార్చారు.

మొదటి నెల నమ్మకం కుదరలేదు. పాతదానిలో పీల్చేటప్పుడు క్యాప్సూల్ గిర్రున తిరిగే చప్పుడు వినిపించేది. తెరిచి చూస్తే పొడి మిగిలిందో లేదో తెలిసేది, ఉంటే మళ్లీ పీల్చేవాణ్ని. కొత్తదానిలో చప్పుడు లేదు, నాలుకకు రుచి కూడా పెద్దగా తెలియదు. మందు లోపలికి పోయిందా అని టెన్షన్ పడి, ఒకరోజు రెండోసారి పీల్చబోయి ఆగాను. మూత పూర్తిగా తెరిస్తే టిక్కుమని కౌంటర్‌లో ఒక అంకె తగ్గుతుంది, డోసు సిద్ధమైనట్టు. పీల్చకుండా మూసేస్తే ఆ డోసు పోయినట్టే. ఊరికే తెరిచి చూసి నేను రెండు డోసులు అలా పోగొట్టాను.

టూత్‌బ్రష్ పక్కనే పెట్టుకున్నాను. ముందు ఇన్‌హేలర్, ఆ తర్వాత బ్రష్. స్టెరాయిడ్ ఉంది కాబట్టి నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు. ఈ వరసలో పెట్టుకున్నాక పుక్కిలించడం మర్చిపోలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్క డోసు తప్పితే రోజంతా మందు లేనట్టే. ప్రయాణంలో ఒకసారి మర్చిపోయాను, మర్నాడు మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగాల్సి వచ్చింది. అలాగని రెండు కలిపి పీల్చకూడదు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు ఇది అక్కరకు రాదు. దానికి సాల్బ్యుటమాల్ పంప్ జేబులో ఉండాల్సిందే. ఆ పంప్ అవసరం మామూలుకంటే ఎక్కువగా పడుతోందంటే, రోజువారీ డోసు ఏమైనా తప్పిందేమోనని ముందు కౌంటర్ చూసుకుంటాను. అంకె సరిగ్గానే ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చెబుతాను.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఇలాంటి పొడి ఇన్‌హేలర్‌ను గట్టిగా, లోతుగా లాగాలి. స్ప్రే పంప్‌ను నిదానంగా లాగాలి. పరికరం మారితే పీల్చే పద్ధతి కూడా మారుతుంది. నేను నెలన్నర పాటు మెల్లగా పీల్చాను, నర్సు చూసి సరిదిద్దేదాకా తెలియలేదు. ఊపిరి బలం బాగా తగ్గినవాళ్లకు పొడి రకం సరిపోకపోవచ్చు, అది డాక్టర్ చూసి చెప్పాలి.

రెండు పూటలూ తప్పకుండా పీల్చేవాళ్లు కేవలం ఇది చదివి మార్చుకోనక్కర్లేదు. నాలాగా ఒక పూట జారిపోతున్నవాళ్లు మాత్రం ఆ మాట డాక్టర్‌తో ఉన్నదున్నట్టు చెప్పండి. ఇప్పటి ఇన్‌హేలర్‌ను, అది వచ్చే సీలు వేసిన ట్రే తెరిచాక ఆరు వారాల్లో వాడేయాలి కాబట్టి తెరిచిన తేదీ పెన్నుతో దానిమీదే రాస్తాను. ఇప్పుడు వాడుతున్నది మొదలుపెట్టి 18 రోజులైంది. 30లో ఈ పొద్దున పీల్చాక 12 మిగిలాయి.