2020లో 1400 రూపాయలకి కొన్న ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, డాబా మీద ఏడాది వాడాక

ముందే చెప్పేస్తా, మీ దగ్గర ఒక డీఎస్ఎల్ఆర్, దానికో 50 ఎంఎం లెన్స్ ఉండి, ఎక్కడికీ కదిలే వీల్లేక కెమెరా బీరువాలో పడి ఉంటే, చిన్న చిన్న పురుగుల్నీ పువ్వుల్నీ దగ్గర నుంచి పెద్దగా తీయడానికి ఈ ట్యూబులు కొనుక్కోండి. నేను కొని ఏడాది దాటింది, కోవిడ్ రెండు వేవ్‌లూ వీటితోనే గడిచాయి, మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

2020 మార్చి 20 రాత్రి హైదరాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాజమండ్రి వచ్చేశా. 22న జనతా కర్ఫ్యూ అన్నారు, సరే అది అయ్యాక సోమవారం వెళ్లిపోదాం అనుకుంటే 25 నుంచి దేశం మొత్తం మూసేశారు. బ్యాగులో రెండు జతల బట్టలు, ఆఫీస్ లాప్‌టాప్, కెమెరా, అంతే. కెమెరా కెనాన్ 1500డి, కిట్ లెన్స్ 18-55, ఇంకోటి 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. ఇంటికొస్తే సాయంత్రం పుష్కరఘాట్‌కి పోయి వంతెనల వెనక పొద్దు గుంకడం తీసుకోవడం నాకు అలవాటు, ఇప్పుడు గోదావరి పక్కనే ఉన్నా గట్టు ఎక్కే పని లేదు. ఏప్రిల్ అంతా అమ్మ ఆవకాయ కలపడం, నాన్నగారు పేపర్ చదవడం, కిటికీలోంచి ఖాళీ రోడ్డు, ఇవే తీశా, తర్వాత తియ్యడానికి ఏమీ దొరకలేదు. మా మేడ మీద మాత్రం కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు నలభై దాకా ఉంటాయి, వాటి దగ్గరికి పోతే 50 ఎంఎం మూరెడుకి కాస్త తక్కువ దూరంలోనే ఆగిపోతుంది, దాని కనీస ఫోకస్ దూరం 35 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి చీమని తీస్తే ఫోటోలో చుక్కలా కనిపిస్తుంది.

చిన్నవాటిని దగ్గర నుంచి తీయడానికే చేసిన అసలు మాక్రో లెన్స్ కొనాలంటే అప్పట్లో పాతికా ముప్పై వేలు కావాల్సొచ్చేది. జీతాలు కోస్తారని ఆఫీసులో గుసగుసలు నడుస్తున్న రోజుల్లో అంత పెట్టడానికి మనసొప్పలేదు. వెతుకుతుంటే ఈ ట్యూబులు కనబడ్డాయి. మాది ఆరెంజ్ జోన్ (కోవిడ్ కేసులు మరీ ఎక్కువ లేని ప్రాంతం) కాబట్టి మే 4 తర్వాత నిత్యావసరాలు కానివి కూడా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టనిచ్చారు, పెట్టిన పది పన్నెండు రోజులకి వచ్చింది, పార్సిల్‌ని అమ్మ ఒక రోజంతా వరండాలో ఎండలో ఉంచి శానిటైజర్ కొట్టాకే లోపలికి రానిచ్చింది.

ఇవేంటో తెలియనివాళ్ళకి, వీటిలో అద్దాలు ఏమీ ఉండవు, ఉట్టి గొట్టాలు. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగిస్తాం, లెన్స్ సెన్సర్‌కి (కెమెరా లోపల బొమ్మ పడే పలకకి) దూరం జరుగుతుంది, అలా జరిగిన కొద్దీ ఇంకా దగ్గరున్న వస్తువు మీద ఫోకస్ పడుతుంది. అద్దం లేదు కాబట్టి అద్దం వల్ల క్వాలిటీ పాడవడం అనే మాట లేదు, మీ లెన్స్ ఎంత బాగుంటే ఫోటో అంత బాగుంటుంది. సెట్‌లో మూడు వస్తాయి, 13, 21, 31 ఎంఎం, మూడూ కలిపితే 65. లెక్క చాలా తేలిక, గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ పేరులో ఉండే ఎంఎం అంకెతో) భాగిస్తే ఎంత పెద్దగా వస్తుందో తెలుస్తుంది. 65ని 50తో భాగిస్తే 1.3, అంటే వస్తువు అసలు సైజు కంటే పెద్దగా సెన్సర్ మీద పడుతుంది, ఫ్రేమ్ అడ్డంగా మొత్తం కలిపి 17 మిల్లీమీటర్లే, మీ చిటికెన వేలి గోరు పెడితే చాలావరకు నిండిపోతుంది. అదే 18-55 లాంటి జూమ్‌ని వైడ్‌లో, అంటే 18 దగ్గర పెట్టి ట్యూబులు తగిలిస్తే వస్తువు లెన్స్‌కి ఆనుకునేంత దగ్గరికి వచ్చేస్తుంది, వెలుతురు పడదు, నేను రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి వదిలేశా. 50 ఎంఎంకే వాడండి.

దూరం సంగతి కూడా కొనేముందు తెలుసుకోవాలి. 13 ఒక్కటే పెడితే జానెడు దూరం నుంచి తీయొచ్చు, పువ్వులకి, సీతాకోకచిలుకలకి అది చాలు. 31 పెడితే బెత్తెడు. మూడూ పెడితే లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య మూడు వేళ్ళు కూడా సరిగ్గా పట్టవు, ఈగలూ తూనీగలూ లేచిపోతాయి. ట్యూబులు ఉన్నంతసేపు దూరంగా ఉన్నది ఏదీ ఫోకస్ అవ్వదు, పిట్ట వచ్చి వాలితే ట్యూబులు విప్పేలోపు ఎగిరిపోతుంది, దానికి చేసేదేమీ లేదు.

రోహిణి కార్తె ఎండల్లో మొదలుపెట్టా, పొద్దున్న ఆరింటికి మేడ ఎక్కితే ఏడున్నరకల్లా కాళ్ళు కాలేవి. మొదటి వారం ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు, ట్యూబులు నకిలీవేమో అనుకున్నా, కానీ తప్పు వాటిది కాదు. ఆటోఫోకస్ పనిచేస్తుందని డబ్బా మీద ఉంది, పనిచేస్తుంది కూడా, కాకపోతే 13తో మాత్రమే నమ్మకంగా. మూడూ పెడితే ముందుకీ వెనక్కీ తడుముకుంటూనే ఉంటుంది. మాన్యువల్‌లో పెట్టేసి, లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) 10 రెట్లు జూమ్ చేసుకుని, రింగ్ తిప్పకుండా మనమే మిల్లీమీటర్ చొప్పున ముందుకీ వెనక్కీ ఊగుతూ తీయాలి. అపర్చర్‌ని, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, బాగా చిన్నది చేసి ఎఫ్ 8లో పెట్టినా ఫోకస్‌లో ఉండేది అర మిల్లీమీటర్ లోపే. గెంతే సాలీడు ఉంటుంది చూశారా, గోడల మీద తిరిగే పొట్టిది, దాని ముందున్న రెండు పెద్ద కళ్ళు ఫోకస్‌లోకి వచ్చాయంటే కాళ్ళు రావు. ముప్పై ఫోటోలు తీస్తే ఒకటి నిలబడుతుంది, ఆ ఒక్కటి చూసుకున్నప్పుడు వచ్చే ఆనందం మాత్రం మాటల్లో చెప్పలేను.

ఇంకోటి వెలుతురు. మూడు ట్యూబులకీ రెండు స్టాపుల పైనే వెలుతురు తగ్గిపోతుంది, అంటే మీకు అందేది పావు వంతు కూడా ఉండదు. కెమెరా మీదున్న ఫ్లాష్ వాడదామంటే వస్తువు మరీ దగ్గర కాబట్టి లెన్స్ నీడే దాని మీద పడుతుంది. నేను టిఫిన్లకి వాడే తెల్ల థర్మాకోల్ ప్లేటుకి మధ్యలో లెన్స్ పట్టేంత బొక్క చేసి మూతికి తొడిగా, ఫ్లాష్ వెనక నుంచి ప్లేటు మీద పడి మెత్తగా చుట్టూ పరుచుకుంటుంది. మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్ 8 లేదా 11, ఐఎస్ఓ 200, ఏడాదిగా నా సెట్టింగ్ ఇదే.

ఇక ఏం చూశానో చెప్పకపోతే ఈ రివ్యూ రాసి లాభం లేదు. మా కరివేపాకు చెట్టు మీద పిట్ట రెట్టలా ఏదో అంటుకుని ఉంటే నాన్నగారు గోటితో గీకి పారేసేవారు. 31 పెట్టి చూస్తే దానికి తలుంది, కాళ్ళున్నాయి, ఆకు అంచు పట్టుకుని తింటోంది. నల్ల సీతాకోకచిలుక, కామన్ మార్మన్ అంటారు, దాని పిల్ల పురుగు. చిన్నప్పుడు పిట్టలు తినకుండా రెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో కొంచెం ముట్టుకున్నా, తల వెనక నుంచి ఎర్రగా రెండు కొమ్ములు బయటికొచ్చాయి, పాము నాలుకలా, తడిగా మెరుస్తూ, ఒక ఘాటైన వాసన, అలా నాలుగైదు క్షణాలుండి మళ్ళీ లోపలికి పోయాయి. ఆ ఫోటో నాన్నగారికి లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించా. చాలాసేపు చూసి "ముప్పై ఏళ్ళ నుంచి వీటిని నలిపేస్తున్నాన్రా" అన్నారు. ఇప్పుడు ఆ చెట్టుకి తూర్పు వైపు కొమ్మ వాటికే వదిలేశారు, అమ్మ కూడా పోపుకి అటు వైపు రెబ్బలు కొయ్యదు.

మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక ఇంకా బాగుంది. చేమ ఆకు మీద నీటి బొట్టు అంటుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది, ఆ బొట్టులో మా మేడ పిట్టగోడ తలకిందులుగా కనబడింది. చిక్కుడు పాదుకి పట్టిన పేనుబంక దగ్గర చీమలు తిరుగుతుంటాయి కదా, పేను వెనక భాగం మీద మీసాలతో చీమ తడితే ఒక తియ్యటి బొట్టు వస్తుంది, దాన్ని చీమ తాగుతుంది, అది నా కళ్ళతో చూశా. ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఆరుద్ర పురుగు దొరికింది, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకునేవాళ్ళం, ఆ ఎర్ర మఖమల్ ఒక్కొక్క వెంట్రుకగా విడివిడిగా కనిపించింది, కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది, అంటే అది సాలీడు చుట్టం అన్నమాట.

2021 మే నెలలో నాకే కోవిడ్ వచ్చింది. బయట మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ, నేను మేడ మీద గదిలో రెండు వారాలు ఒక్కణ్ణే, అమ్మ పళ్ళెం గుమ్మం దగ్గర పెట్టి మెట్లు దిగాక తలుపు తీసేవాణ్ణి. దగ్గు వల్ల ఊపిరి బిగబట్టడం కుదిరేది కాదు, ఈ ఫోటోగ్రఫీకి ఊపిరి బిగబట్టడమే ముఖ్యం. అందుకని గుడ్డ సంచిలో రెండు కేజీల బియ్యం పోయించుకుని కిటికీ గట్టు మీద పెట్టి దాని మీద కెమెరా ఆనించి, రెండు సెకన్ల టైమర్‌తో తీశా. కిటికీ ఊచల మధ్య సాలీడు గూడు, ఉప్పు పలుకులు, మందారం పుప్పొడి, అవే. రోజుకి నాలుగుసార్లు ఆక్సీమీటర్ చూసుకుంటూ భయపడే రోజుల్లో ఆ సాలీడు ఇవాళ ఎక్కడిదాకా అల్లిందో చూడాలనే పొద్దున్నే లేచేవాణ్ణి.

ఇక లోపాలు. నేను కొన్న సెట్ బాడీ అంతా ప్లాస్టిక్, మౌంట్ (కెమెరాకీ లెన్స్‌కీ బిగించే రింగు) మాత్రం మెటల్. మూడూ బిగించాక కొంచెం ఊగుతుంది, 160 గ్రాముల లెన్స్‌కి పర్లేదు, బరువు లెన్స్ మాత్రం తగిలించకండి. లోపలి గోడలు మెరుస్తాయి, ఎదురెండలో తీస్తే ఫోటో మధ్యలో తెల్లగా పొగ కమ్మినట్టు వస్తుంది, నల్ల వెల్వెట్ పేపర్ గుండ్రంగా చుట్టి లోపల అంటించాక పోయింది, కెమెరాకీ లెన్స్‌కీ కనెక్షన్ ఇచ్చే పిన్నులకీ, మౌంట్‌కీ తగలకుండా అంటించాలి. మూడో నెలలో స్క్రీన్ మీద ఎర్రర్ 01 రావడం మొదలైంది, కెమెరాకీ లెన్స్‌కీ కనెక్షన్ అందట్లేదని దానర్థం, పొడి మెత్తటి గుడ్డతో బంగారు పిన్నులు తుడిస్తే సరిపోతుంది, వానాకాలంలో వారానికోసారి తుడుస్తున్నా. 21 ట్యూబు లీవర్ (విప్పేటప్పుడు లాగే మీట) ఒకసారి బిగుసుకుపోయి అరగంట రాలేదు, కంగారుపడి మెలితిప్పకండి, లీవర్ పూర్తిగా లాగి పట్టుకుని నిదానంగా తిప్పండి. అమ్మినవాళ్ళకి మెయిల్ పెడితే ఇప్పటిదాకా జవాబు లేదు, ఆ సెల్లర్‌కి సర్వీస్ విషయంలో సున్నా.

ట్యూబులతో సంబంధం లేకపోయినా ఒకటి, 50 ఎస్‌టీఎం ఫోకస్ చేసేటప్పుడు ముందు గొట్టం బయటికి వస్తుంది, కెమెరా ఆఫ్ చేశాక రింగ్ తిప్పినా లోపలికి పోదు. ఆన్‌లో ఉన్నప్పుడే ఇన్ఫినిటీకి (బాగా దూరం ఫోకస్‌కి) తెచ్చి అప్పుడు ఆఫ్ చేయండి, బయటికి వచ్చి ఉన్నప్పుడు దెబ్బ తగిలితే లోపల మోటార్‌కి ప్రమాదం.

కొనేటప్పుడు ఫోటోలో చూసుకోండి, ట్యూబు అంచున బంగారు రంగు పిన్నులు ఉండాలి. పిన్నులు లేనివి నేను కొన్నప్పుడు 300కే వచ్చేవి కానీ వాటితో కెమెరా నుంచి అపర్చర్ మార్చలేం, డెప్త్ ప్రివ్యూ బటన్ (నొక్కితే అపర్చర్ పెట్టిన సైజుకి మూసుకునేది) ఉన్న కెమెరాలో అది నొక్కి పట్టుకుని లెన్స్ ఊడదీసే చిట్కా ఒకటుంది, ప్రతిసారీ అలా చేస్తూ కూర్చుంటే పురుగు ఆగదు. నాకైతే 5కి 4, ఒకటి తగ్గించింది ఆ లీవర్‌కీ, సెల్లర్‌కీ. కరివేపాకు కొమ్మ మీద ఇవాళ మళ్ళీ రెండు గుడ్లు కనబడ్డాయి, పసుపు రంగులో, ఆవగింజంత, రేపు పొద్దున్న 65 పెట్టి చూడాలి.