ఆరు వారాల గుసగుస: ఒక ఏఎస్‌ఎంఆర్ శబ్దాల యాప్‌పై సమీక్ష

బడిలో ఉపాధ్యాయురాలు నా పక్కన కూర్చుని నోటుపుస్తకం దిద్దుతున్నప్పుడు, కాగితంపై పెన్ను జారే సన్నని చప్పుడు, పేజీ తిప్పే ముందు ఆమె వేలి కొనతో అంచును సవరించే తీరు, గొంతు తగ్గించి చెప్పే ఒకటి రెండు మాటలు నా నడినెత్తిన ఒక వింత స్పర్శను పుట్టించేవి. అది మాడు దగ్గర మొదలై, మెడ వెనుక నుంచి వెన్ను వెంబడి మెల్లగా దిగేది. కళ్ళు బరువెక్కేవి, అక్కడి నుంచి కదలాలనిపించేది కాదు. దానికొక పేరుందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. జెన్నిఫర్ అలెన్ అనే అమెరికా మహిళ 2010లో దానికి ‘అటానమస్ సెన్సరీ మెరిడియన్ రెస్పాన్స్’ అని పేరు పెట్టారు. దాని పొడి అక్షరాలే ఏఎస్‌ఎంఆర్. వైద్యగ్రంథంలోని మాటలా వినిపించినా అది ప్రయోగశాలలో పుట్టిన పేరు కాదు. ఈ అనుభూతి గురించి నలుగురిలో మాట్లాడటానికి సంకోచించే వారికి ఒక మర్యాదైన మాట ఉండాలని ఆమె ఎంచుకున్న పేరు అది.

ఆ అనుభూతిని కోరినప్పుడల్లా అందిస్తామని చెప్పే ఒక చందా యాప్‌ను ఆరు వారాల పాటు దాదాపు ప్రతి రాత్రీ వాడాను. ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఈ కోవకు చెందిన ఏ సేవను ఎంచుకునేటప్పుడైనా పనికివస్తాయని నమ్ముతున్నాను కనుక దాని పేరు రాయడం లేదు. ఇందులో గుసగుసలు, వేళ్ళతో తట్టే చప్పుళ్ళు, కుంచె రాపిడి, కాగితాల గలగల, వాన చినుకులు వంటి విభాగాలు ఉన్నాయి. వీటితోపాటు ఎవరో మన ఎదుట కూర్చుని కంటి పరీక్ష చేస్తున్నట్టో, జుట్టు కత్తిరిస్తున్నట్టో సాగే అభినయ రికార్డింగులూ ఉన్నాయి. నిద్రకు టైమర్, రెండు శబ్దాలను కలిపి వినే వీలు, ఇంటర్నెట్ లేకుండా వినడానికి డౌన్‌లోడ్ సదుపాయం ఇస్తారు.

అన్నిటికన్నా ముందు మెచ్చుకోవలసింది రికార్డింగ్ నాణ్యతను. మంచి రికార్డింగులన్నీ మనిషి తల ఆకారంలో చేసిన బొమ్మకు రెండు చెవుల స్థానంలో మైకులు అమర్చి తీసినవే. ఎడమ పక్క నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ ఆలస్యంగా, కొంచెం మందంగా చేరుతుంది. మెదడు ఆ చిన్న తేడాను బట్టే శబ్దం ఎటు నుంచి వచ్చిందో పోల్చుకుంటుంది. బొమ్మ తల ఆ తేడాను యథాతథంగా పట్టుకోవడం వల్ల, కుంచె నా కుడి చెవి వెనుక నుంచి నుదుటి మీదుగా ఎడమ వైపుకు కదిలినట్టు నిజంగానే అనిపించి, ఒకటి రెండు సార్లు తల పక్కకు జరుపుకున్నాను కూడా. అయితే ఇదంతా ఇయర్‌ఫోన్లతో విన్నప్పుడే సాధ్యం. స్పీకర్లలో వింటే కుడి వైపు శబ్దం ఎడమ చెవికీ, ఎడమ వైపుది కుడి చెవికీ చేరి ఆ కొలత చెడిపోతుంది. ఒక్క చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా అంతే. ఈ విషయం యాప్‌లో ఎక్కడా స్పష్టంగా చెప్పకపోవడం పెద్ద లోపం, ఎందుకంటే స్పీకర్‌లో విని ఇది తనకు పనిచేయదని తేల్చుకునే వారు తప్పక ఉంటారు.

డేటా ఆదా చేసే అమరికను ఎవరూ ఆన్ చేయవద్దని నా సలహా. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు. గాలి రాపిడే మాటగా మారుతుంది. ఆ రాపిడిలోని సున్నితమైన వివరం ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో, అంటే కీచుగా ఉండే ధ్వనుల్లో ఉంటుంది. ఫైలు పరిమాణం బాగా తగ్గించినప్పుడు మొదట నష్టపోయేవి అవే. ఆ అమరికలో విన్న గుసగుస తడి ఆరిపోయినట్టు, దూరంగా రేడియో గరగరలాడుతున్నట్టు ఉంది. అదే రికార్డింగును పూర్తి నాణ్యతతో డౌన్‌లోడ్ చేసుకుని విన్నప్పుడు, మాట ముగిసిన తరువాత పెదవులు విడివడే చిన్న చప్పుడు కూడా వినిపించింది.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ యాప్ ఇచ్చే వాగ్దానంతో నాకు పేచీ ఉంది. తొలి తెరపైనే, విన్న ప్రతి ఒక్కరికీ పులకింత ఖాయమని రాశారు. ఇది సరికాదు, ఈ అనుభూతి కొందరికి మాత్రమే కలుగుతుంది. మా తమ్ముడు నాతో పాటు వారం రోజులు శ్రద్ధగా విన్నాడు. వాన చప్పుడు హాయిగా ఉందన్నాడు కానీ నెత్తి మీద ఏమీ కదలలేదన్నాడు. నోటి చప్పుళ్ళ విభాగం మొదలుపెట్టిన అర నిమిషానికే ఇయర్‌ఫోన్లు తీసేసి, చిరాకుతో ఒళ్ళు బిగుసుకుపోయిందని చెప్పాడు. కొన్ని శబ్దాలకు తట్టుకోలేనంత కోపం, ఏవగింపు కలిగే స్థితిని మిసోఫోనియా అంటారు. ఒకరిని జోకొట్టే శబ్దమే మరొకరిని ఇలా బాధించగలదు కనుక, ఆ విభాగం ముందు ఒక చిన్న హెచ్చరిక ఉండటం కనీస బాధ్యత. మా తమ్ముడికి ఆ సాయంత్రమంతా ఆ చిరాకు వదలలేదు.

ఆ పులకింతను వర్ణించడానికి మన దగ్గరున్న మాటలు కూడా కొంత పక్కదారి పట్టిస్తాయి. జలదరింపు అంటే చలో భయమో గుర్తుకు వస్తుంది, గగుర్పాటులో కాస్త బెదురు ఉంటుంది, పులకింతలో సంతోషపు పొంగు ఉంటుంది. గొప్ప సంగీతం విన్నప్పుడు రోమాలు నిక్కబొడుచుకునే అనుభవం వేరు. అది ఒక్కసారిగా వచ్చి మనిషిని లేపి కూర్చోబెడుతుంది. ఏఎస్‌ఎంఆర్ నెమ్మదిగా పాకుతుంది, మనిషిని పడుకోబెడుతుంది. బ్రిటన్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం, ఈ అనుభూతి కలిగేవారి గుండె వేగం అటువంటి వీడియోలు చూస్తున్నప్పుడు సగటున నిమిషానికి సుమారు 3 స్పందనలు తగ్గిందని, అదే సమయంలో ఒంటి ఉత్తేజానికి గుర్తుగా తీసుకునే చర్మపు విద్యుత్ వాహకత పెరిగిందని చూపింది. అంటే ఒళ్ళు ఒక పక్క సడలుతూనే మరో పక్క మేల్కొని ఉంటుందన్నమాట. నిద్రకు జారుకుంటూనే ప్రతి చప్పుడునూ స్పష్టంగా గమనించే ఆ మధ్య స్థితి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు కనుక, ఆ ఫలితం చదివినప్పుడు నన్ను ఎవరో నమ్మినట్టు అనిపించింది.

విభాగాల కూర్పులో యాప్ తయారుచేసినవారు శబ్దానికే పెద్దపీట వేశారు. బ్రిటన్‌లోనే ఉన్న స్వాన్సీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2015లో, ఈ అనుభూతి తెలిసిన 475 మందిని ప్రశ్నించి ఒక అధ్యయనం ప్రచురించారు. తమకు పులకింత కలిగించేవి ఏమిటంటే గుసగుస అని 75 శాతం మంది, ఎవరైనా తమపై వ్యక్తిగతంగా శ్రద్ధ చూపడం అని 69 శాతం మంది, కాగితం గలగల వంటి స్ఫుటమైన శబ్దాలు అని 64 శాతం మంది, నెమ్మదైన కదలికలు అని 53 శాతం మంది చెప్పారు. రెండో స్థానంలో ఉన్నది శబ్దం కాదు, శ్రద్ధ. నా ఆరు వారాల అనుభవమూ అదే చెబుతోంది. తట్టుడు చప్పుళ్ళ విభాగంలో వందకు పైగా రికార్డింగులు ఉన్నా, వాటిలో ఎక్కువ భాగం ఒక వస్తువు నుంచి మరో వస్తువుకు హడావుడిగా దూకుతాయి. ఒక్కటీ నా నెత్తిని తాకలేదు. కంటి పరీక్ష రికార్డింగు ఒకటి మాత్రం వరుసగా నాలుగు రాత్రులు నన్ను నిద్రపుచ్చింది. అందులో గొంతు ఇచ్చిన మహిళ, అద్దం మార్చే ముందు క్షణం ఆగి, ఇప్పుడు ఎలా ఉందని అడిగి, నా జవాబు వింటున్నంత సేపు మౌనంగా ఉండి, ఏదో కాగితం మీద రాసుకుంటుంది. ఆ మౌనంలోనే పులకింత మొదలయ్యేది. తొందర లేని మనిషి ఒకరు మన పనిలో నిమగ్నమై ఉన్నారన్న భావన లేకపోతే, ఎంత ఖరీదైన మైకుతో తీసినా చప్పుడు చప్పుడుగానే మిగిలిపోతుంది. అటువంటి రికార్డింగులు యాప్‌లో పట్టుమని పదిహేను లేవు. కదలికలు చూపే వీడియోలు అంతకన్నా తక్కువ.

నిద్ర టైమర్ గురించి చెప్పకుండా ఉండలేను. ఇది శబ్దాన్ని క్రమంగా తగ్గించదు, కత్తితో కోసినట్టు ఆపేస్తుంది. ఆ హఠాత్తు నిశ్శబ్దానికి మూడుసార్లు మెలకువ వచ్చింది. టైమర్ పెట్టకపోతే తరువాతి రికార్డింగు దానంతట అదే మొదలవుతుంది. దాని శబ్దస్థాయి ముందుదానితో సరితూగదు. ఒక రాత్రి గుసగుస ముగిసిన వెంటనే చెక్కపెట్టెను గోళ్ళతో కొట్టే చప్పుడు అంత బిగ్గరగా మొదలైతే గుండె దడదడలాడింది. నిద్ర కోసం కొనుక్కునే సేవలో ఇది క్షమించదగిన పొరపాటు కాదు. ఫిర్యాదు రాస్తే రెండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు, కానీ నేను వాడినంత కాలం మార్పు కనిపించలేదు.

యాప్‌లో ఒకచోట దీన్ని నిద్రలేమికి చికిత్సగా వర్ణించారు. అది హద్దు మీరిన మాట. స్వాన్సీ అధ్యయనంలో 82 శాతం మంది నిద్ర కోసం వాడుతున్నామని చెప్పిన మాట నిజమే. వాడకం వేరు, వైద్యం వేరు. వారాల తరబడి నిద్ర పట్టని వారు వైద్యుడిని కలవాలి. ఈ శబ్దాల చుట్టూ ఉన్న మరో అపోహ గురించి కూడా ఆ అధ్యయనమే జవాబిస్తుంది: లైంగిక ఉద్దీపన కోసం వింటామన్నవారు 5 శాతం మంది మాత్రమే. ఇంట్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని దాచుకుని వినే వారికి ఈ సంగతి ఊరటనిస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నాలుగో వారంలో నాకు పులకింత దాదాపు మాయమైంది. రోజూ అదే శబ్దం వింటే స్పందన మందగిస్తుందని చాలామంది శ్రోతలు చెప్పే మాటే నాకూ అనుభవమైంది. ఐదు రోజులు పూర్తిగా మానేసి మళ్ళీ వింటే తిరిగి వచ్చింది. చందా తీసుకున్న వారు ఇటువంటి విరామాలను ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఏడాది చందా కన్నా నెల చందా మేలని నేను చెప్పడానికి కారణం ఇదే.

నేను నెల చందానే కొనసాగిస్తున్నాను. ఆరు రికార్డింగులను పూర్తి నాణ్యతతో డౌన్‌లోడ్ చేసుకుని, తరువాతిది దానంతట మొదలయ్యే అమరికను ఆపేసి, వారానికి మూడు రాత్రులు మాత్రమే వింటున్నాను. ఆ ఆరింటిలో నాలుగు, ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఓపికగా ఏదో రాసుకునేవే. మా తమ్ముడు వాన చప్పుడు ఒక్కటి అడిగి తీసుకున్నాడు.