రేషన్ కార్డు వివరాలు: ఫోన్‌లో చూడాలా, సచివాలయానికి వెళ్లాలా?

కార్డు నంబరు, అందులో ఎవరెవరి పేర్లున్నాయి, ఈకేవైసీ అయిందా లేదా: శ్రీకాకుళం జిల్లాలో ఇవి తెలుసుకోవడానికి జనం పట్టే దారులు రెండు.

ఫోన్‌లోనైతే ‘మేరా రేషన్’ యాప్. ఆధార్ నంబరు కొడితే, ఆధార్‌కు లింకైన మొబైల్‌కే ఓటీపీ వస్తుంది. అసలు టెన్షన్ అక్కడే. ఆమదాలవలసలో ఉన్న అమ్మ ఆధార్‌కి, హైదరాబాద్‌లో కూలికెళ్లిన కొడుకు నంబరు లింకై ఉంటుంది. ఆమె ఫోన్ పట్టుకొని ఎంతసేపు చూసినా ఓటీపీ రాదు, అది కొడుకు జేబులో మోగుతుంది! వలస వెళ్లినవాళ్లకు మాత్రం ఇదే మేలు. ఊరు రాకుండానే వివరాలు చూసుకోవచ్చు, ఉన్నచోటే పోర్టబిలిటీ కింద బియ్యం తీసుకోవచ్చు.

గ్రామ సచివాలయంలో సర్వర్ డౌన్ అంటే మళ్లీ రమ్మంటారు. కానీ పుట్టిన బిడ్డ పేరు చేర్చాలన్నా, చనిపోయినవాళ్ల పేరు తీయించాలన్నా అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆధార్ వెంట ఉండాలి.

చూసుకోవడం వరకైతే నా ఓటు ఫోన్‌కే. కార్డు నంబరు ఒక్కటే కావాలంటే ఈ రెండూ అక్కర్లేదు, డిపోలో ఇచ్చిన పాత రసీదు వెతకండి. అనుమానాలుంటే 1967కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.