ఆరేళ్లుగా తిరుగుతున్న హార్డ్ డిస్కులు: ఏది నిలిచింది, ఏది పోయింది, ఎందుకు

ఇక్కడ చెప్పబోయేది నాలుగు హార్డ్ డిస్కుల సంగతి. ఒకటి 4 టీబీ నాస్ డ్రైవు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టెలో వాడే రకం. రాత్రింబవళ్లు ఆన్‌లోనే ఉండి 52,000 గంటలు దాటింది. రెండోది 7200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 7200 సార్లు తిరిగే 2 టీబీ డెస్క్‌టాప్ డ్రైవు. 30,000 గంటల దగ్గర పోయింది. మూడోది సీసీ కెమెరాల దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లో ఉన్న 2 టీబీ సర్వైలెన్స్ డ్రైవు. నాలుగోది జేబులో పట్టే 1 టీబీ యూఎస్‌బీ డ్రైవు. 4,000 గంటలకే మొరాయించింది.

వీటి కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. ఒక్కో మోడల్లో ఒక్కటంటే ఒక్క డ్రైవును చూసి ఫలానా కంపెనీ మంచిది, ఫలానాది పనికిరాదు అనడం అన్యాయం. ఆ మాట చెప్పగలిగేది వేల డ్రైవులు నడిపేవాళ్లే. ఆన్‌లైన్‌లో డేటా దాచిపెట్టే కంపెనీ బ్యాక్‌బ్లేజ్ ఏటా ఆ లెక్కలు బయటపెడుతుంది. 2024లో వాళ్ల డేటా సెంటర్లలో నూటికి 1.57 చొప్పున డ్రైవులు పోయాయి. డబ్బా మీద రాసే ఎంటీబీఎఫ్ (రెండు వైఫల్యాల మధ్య సగటు కాలం) 10 లక్షల గంటల అసలు అర్థం కూడా ఇలాంటిదే. మీ డ్రైవు 114 ఏళ్లు బతుకుతుందని కాదు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, వారంటీ వయసులో ఉన్న డ్రైవులు ఏడాదికి నూటికి 0.88 పోతాయని కంపెనీ అంచనా.

ఇన్నేళ్ల వాడకంలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటుంది. పోయిందని మూలన పడేసే డ్రైవుల్లో చాలావాటికి జబ్బు కేబుల్లోనో, కరెంటులోనో ఉంటుంది. బాగానే ఉందనుకుని పెళ్లి ఫొటోలన్నీ పెట్టుకున్న డ్రైవుకు మాత్రం లోపల డేటా రాసే పళ్లెమే పాడవుతూ ఉండొచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి: ఫైల్ తెరుచుకోదు, కంప్యూటర్ బిగుసుకుపోతుంది. రెండింటినీ విడదీసి చూపేది స్మార్ట్ పట్టిక, అంటే డ్రైవు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే అంకెల చిట్టా.

విండోస్‌లో ఆ పట్టిక చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవగానే నీలం రంగులో గుడ్ అని కనబడితే చాలామంది అక్కడితో మూసేస్తారు. ఆ రంగును నమ్మకండి, కింద ఉన్న అంకెలు చూడండి. మొదట అవి హెక్సాలో ఉంటాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్‌లోకి, అక్కడి నుంచి రా వాల్యూస్‌లోకి వెళ్లి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెలవుతాయి. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్ ఇదే పట్టిక ఇస్తుంది. డ్రైవు యూఎస్‌బీ డబ్బాలో ఉంటే ఆ కమాండ్‌కు శాట్ రకం (-d sat) అని విడిగా చెప్పాల్సి రావచ్చు.

పట్టికలో ఒక్కో వరసకూ ఒక నంబరుంటుంది, దాని అసలు అంకె రా వాల్యూ. కన్నేసి ఉంచాల్సిన వరసలు ఐదు: 5, 187 (సరిదిద్దలేకపోయిన తప్పులు), 188 (సమయానికి పూర్తికాని ఆదేశాలు), 197, 198 (డ్రైవు తానే చూసుకున్నప్పుడు సరిచేయలేకపోయిన సెక్టార్లు). 5, 197 సంగతి కింద వస్తుంది. బ్యాక్‌బ్లేజ్ 2016లో ఇచ్చిన లెక్క ప్రకారం, పోయిన డ్రైవుల్లో 76.7 శాతంలో ఈ ఐదింటిలో కనీసం ఒకటి సున్నా దాటి ఉంది. నడుస్తున్నవాటిలో అలాంటివి 4.2 శాతమే. మిగిలిన 23.3 శాతం చెప్పాపెట్టకుండా పోయినవే. అందుకే స్మార్ట్ చూసుకుంటున్నాం కదా అని రెండో కాపీ మానేయడానికి లేదు.

అనవసరంగా కంగారు పెట్టే అంకె కూడా ఒకటుంది. సీగేట్ డ్రైవుల్లో 1, 7 నంబర్ల రా వాల్యూ కోట్లలో కనిపిస్తుంది. అది తప్పుల సంఖ్య కాదు. 48 బిట్ల ఆ అంకెలో కింది 32 బిట్లు డ్రైవు చేసిన పనుల లెక్క, పై 16 బిట్లు తప్పుల లెక్క. 429 కోట్లు దాటితేగానీ ఒక్క తప్పు జరిగినట్టు కాదు. ఇది తెలియక మంచి డ్రైవులను మార్చేసుకున్నవాళ్లు ఎందరో.

ఇక పోయిన 2 టీబీ డ్రైవు. హార్డ్ డిస్కు ఎలా పోతుందో దీని అంకెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 26,400 గంటల దగ్గర 197 సున్నా నుంచి 8కి వెళ్లింది. 197 అంటే చదవలేక, ఏం చేయాలో తేలక పెండింగులో పెట్టిన సెక్టార్లు, అంటే పళ్లెం మీద డేటా రాసే చిన్న గడులు. సరిగ్గా 8 రావడానికి కారణం, లోపల సెక్టారు 4,096 బైట్లది, బయటికి మాత్రం అది 512 బైట్ల ముక్కలు ఎనిమిదిగా కనిపిస్తుంది. చాలా డ్రైవులు ఆ ముక్కలనే లెక్కపెడతాయి. డ్రైవు తన పళ్లేలన్నీ తానే చదివి చూసుకునే లాంగ్ టెస్ట్ నడిపితే మొదటి తప్పు దగ్గర ఆగి, ఆ చోటు నంబరు చూపించింది. లినక్స్‌లోని హెచ్‌డీపార్మ్ కమాండ్‌తో ఆ సెక్టార్లలో సున్నాలు రాస్తే 197 మళ్లీ సున్నా అయింది, 5 కదల్లేదు. 5 అంటే పాడైన సెక్టారు బదులు డ్రైవు తన నిల్వలోంచి ఇచ్చిన కొత్త సెక్టార్లు. అది కదల్లేదంటే పళ్లెం బాగుందనే అర్థం: రాస్తూ ఉండగా కరెంటు పోయి, సగం రాత మిగిలి, డేటాకూ దాని సరిచూపు బిట్లకూ పొంతన కుదరలేదంతే. విండోస్‌లోనైతే డేటా వేరేచోటికి తీసుకుని, క్విక్ టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డ్రైవంతా సున్నాలు రాస్తుంది కాబట్టి ఇదే పని జరుగుతుంది.

29,800 గంటల దగ్గర వచ్చింది మాత్రం వేరే జబ్బు. 197 ఈసారి 16. మూడు వారాల్లో 5 కూడా 24కి చేరింది, 187 పదకొండైంది. రాసినా పోని తప్పులు, మళ్లీ మళ్లీ కొత్తచోట్ల పుట్టే తప్పులు వచ్చాయంటే పళ్లెం మీది పూతో, చదివే హెడ్డో దెబ్బతిన్నట్టు. ఇక్కడ ముఖ్యం అంకె ఎంతుందన్నది కాదు, అది పెరుగుతోందా లేదా అన్నది. ఏళ్ల తరబడి 8 దగ్గరే నిలబడిన 5తో ఇబ్బంది లేదు. మూడు వారాల్లో సున్నా నుంచి 24కి వచ్చిన డ్రైవులో ఇక కొత్త ఫైలు ఒక్కటీ పెట్టకూడదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డ్రైవులను పరిశీలించి చెప్పిందీ దీనికి తగ్గట్టే ఉంది: మొదటి స్కాన్ ఎర్రర్ (డ్రైవు తన పళ్లేన్ని తానే చదివి చూసుకున్నప్పుడు దొరికే తప్పు) వచ్చిన డ్రైవు 60 రోజుల్లోపు పోయే అవకాశం, ఆ ఎర్రర్ లేనివాటితో పోలిస్తే 39 రెట్లు.

ఈ దశలో అందరూ చేసే పొరపాటు విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపడం. చెక్‌డిస్క్ డ్రైవును బాగుచేయదు. ఫైల్ సిస్టమ్ పట్టికలను మాత్రం సర్దుతుంది; ఆ సర్దుబాటులో చదవలేకపోయిన ఫోల్డర్లు ఊడిపోతాయి. పైగా బలహీనంగా ఉన్న హెడ్డును గంటల తరబడి పాడైన చోటే రుద్దుతుంది. ముందు మీకు అన్నిటికంటే విలువైన ఫోల్డర్లు మామూలుగా కాపీ చేసుకోండి. తర్వాత లినక్స్‌లోని డీడీరెస్క్యూ అనే కాపీ సాధనంతో డ్రైవు మొత్తాన్ని ఇంకో డ్రైవు మీదికి ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు నకలుగా తీయండి. తప్పనిసరిగా మ్యాప్ ఫైలు పేరు ఇవ్వాలి, ఎంతవరకు కాపీ అయిందో అందులో రాసుకుంటుంది. మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవుతుంది. మొదటి విడత డాష్ ఎన్ (-n)తో నడపాలి, అప్పుడు పాడైన చోట్ల గీకుతూ కూర్చోకుండా బాగున్నదంతా ముందు తెచ్చేస్తుంది. రెండో విడత డాష్ ఆర్ 3 (-r3)తో, అంటే మిగిలిన చోట్ల మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఈ డ్రైవుకు మొదటి విడత ఐదు గంటలు పట్టింది, 3 ఎంబీ తప్ప అంతా వచ్చింది. రెండో విడతకు పదకొండు గంటలు పట్టింది, చివరికి 400 కేబీ మిగిలింది. చెక్‌డిస్క్, ఇంకేవైనా రికవరీ సాఫ్ట్‌వేర్లు ఆ ఇమేజ్ మీద ఎన్నిసార్లైనా నడుపుకోవచ్చు.

టిక్, టిక్, టిక్ అని కొట్టుకుని తిరగడం ఆగిపోయే డ్రైవు మీద మాత్రం ఇవేవీ ప్రయోగించకండి. అయితే దాన్ని పోయిందనుకునే ముందు అడాప్టర్ మార్చి చూడండి. 3.5 అంగుళాల డ్రైవు తిరగడం మొదలుపెట్టే క్షణంలో 12 వోల్టుల మీద దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన అడాప్టర్ అది ఇవ్వలేదు. మోటారు వేగం అందుకోకముందే వోల్టేజీ పడిపోయి డ్రైవు మళ్లీ మొదటికొస్తుంది, ఆ చప్పుడు అచ్చం హెడ్డు పోయినట్టే ఉంటుంది. చిన్న యూఎస్‌బీ డ్రైవులకూ ఇదే బాధ. క్యాబినెట్ ముందువైపు పోర్టుకు లోపల పొడవాటి వైరు ఉంటుంది. వెనక మదర్‌బోర్డు పోర్టులో, పొట్టి కేబుల్‌తో పెట్టి చూడాలి.

పొరపాటున లాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ గుచ్చి డ్రైవు చడీచప్పుడు లేకుండా పోయిందా? డేటాకు ఏమీ కాకపోయే అవకాశం చాలా ఉంది. బోర్డు మీద కరెంటు వచ్చే చోట టీవీఎస్ డయోడ్ అని ఒకటుంటుంది. అధిక వోల్టేజీ వస్తే తాను షార్ట్ అయి మిగతా బోర్డును కాపాడుతుంది. షార్ట్ అయిన ఆ డయోడ్‌ను తీసేస్తే డ్రైవు చాలాసార్లు లేస్తుంది. అదిక రక్షణ లేని డ్రైవు కాబట్టి డేటా తీసుకోవడానికి తప్ప వాడకూడదు. అదే మోడల్ డ్రైవు బోర్డు తెచ్చి బిగిస్తే సరిపోతుందనేది పాతకాలం మాట. ఇప్పటి బోర్డుల్లో రామ్ కాకుండా రోమ్ చిప్పు ఒకటి ఉంటుంది. ఆ ఒక్క డ్రైవు హెడ్లకు కుదిరిన సర్దుబాట్లు అందులో ఉంటాయి. పాత బోర్డులోని ఆ చిప్పు కొత్త బోర్డుకు మార్చకపోతే డ్రైవు లేవదు.

4 టీబీ డ్రైవుకు ఒక్కసారే గండం వచ్చింది. కాపీ మధ్యలో ఆగి ఆగి నడిచేది. పట్టికలో 5, 197 రెండూ సున్నా. 199 మాత్రం 214. 199 అంటే డ్రైవుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన డేటా, అంటే సాటా కేబుల్. కొత్త కేబుల్ వేశాక సమస్య పోయింది. 199 తగ్గే అంకె కాదు, అందుకే 214 అలాగే ఉండిపోయింది. కేబుల్ మార్చిన రోజు అంకె రాసిపెట్టుకుంటే చాలు. ఆ తర్వాత పెరగకపోతే పని అయినట్టే.

కరెంటు విషయంలో మన ఇళ్లలో ఇంకో చిన్న సంగతి. కరెంటు పోగానే డ్రైవు చచ్చిపోదు. తిరుగుతున్న పళ్లేలే మోటారును జనరేటర్‌గా మార్చి, ఆ కాస్త కరెంటుతో హెడ్లను పక్కకు తీసుకెళ్లి నిలబెడతాయి. అయితే ఇది మామూలు పార్కింగ్ కంటే మొరటుగా జరుగుతుంది, ఆ కుదుపు ప్రతిసారీ హెడ్ల మీద పడుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి. నార్మల్‌లో మారే వ్యవధి ఎక్కువ, ఆ లోపు కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ ఆగిపోయి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

డీవీఆర్ డ్రైవుకు నేను వంక పెట్టలేను. ఎనిమిది కెమెరాలు, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు, అంటే ఎనిమిదీ కలిపి సెకనుకు 2 మెగాబైట్లు, రోజుకు దాదాపు 173 జీబీ, ఏడాదికి 63 టీబీ. చాలా డెస్క్‌టాప్ డ్రైవులకు కంపెనీలు చెప్పే పరిమితి ఏడాదికి 55 టీబీ. నాస్, సర్వైలెన్స్ రకాలకు 180. ఎనిమిది కెమెరాలకే డెస్క్‌టాప్ డ్రైవు పరిమితి దాటిపోతోందన్నమాట. షాపువాళ్లు చవగ్గా వస్తుందని డీవీఆర్‌లో ఏది పెడుతున్నారో బిల్లు మీద మోడల్ నంబరు చూసి తెలుసుకోవాలి.

మొరాయించిన యూఎస్‌బీ డ్రైవులో పాడైంది కనెక్టరు. వెడల్పాటి మైక్రో బి పిన్నుల టంకం వదిలి, కేబుల్ కదిలినప్పుడల్లా డ్రైవు ఊడిపోయేది. లోపల సాటా పోర్టు ఉండే మోడలైతే తీసి వేరే డబ్బాలో పెట్టుకోవచ్చు. ఈ సైజు డ్రైవుల్లో చాలావాటికి యూఎస్‌బీ నేరుగా బోర్డు మీదే ఉంటుంది, ఆ దారి లేదు. మొబైల్ రిపేరు చేసేవాళ్లతో పిన్నులకు మళ్లీ టంకం పెట్టిస్తే సరిపోయింది. వీటిని కొన్నవాళ్లకు ఒక్క అలవాటు చాలా ముఖ్యం: ఎజెక్ట్ చేసి, కేబుల్ తీసి, పది సెకన్లు ఆగి అప్పుడు ఎత్తండి. అప్పటికి పళ్లేలు ఆగుతాయి.

వేడి గురించి భయం ఉన్నంత నష్టం లేదు, నిర్లక్ష్యం మాత్రం వద్దు. మే నెలలో గది 40 డిగ్రీలుంటే గాలి ఆడని క్యాబినెట్లో డ్రైవు 50 దాటుతుంది. ముందువైపు 12 సెంటీమీటర్ల ఫ్యాను, రెండు డ్రైవుల మధ్య ఒక అర ఖాళీ ఉంటే 44 దగ్గర ఆగింది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో అంతకంటే పెద్ద శత్రువు ఉప్పుగాలి. బోర్డుకూ డబ్బాకూ మధ్య ఉండే చిన్న చిన్న పలకలు నల్లబడి, డ్రైవు ఒకసారి కనబడి ఒకసారి కనబడదు. వారంటీ తీరిన డ్రైవైతే టార్క్స్ టి6 లేదా టి8తో స్క్రూలు తీసి, ఆ పలకలను పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ బిగించండి. పైమూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. హెడ్డు పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. 7200 ఆర్‌పీఎంలో పళ్లెం అంచు గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో దుమ్ము కణం ఒక్కటి చాలు.

కొత్తది కొనేటప్పుడు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొన్నా ఆన్‌లైన్లో తెప్పించుకున్నా, సీరియల్ నంబరును కంపెనీ వారంటీ పేజీలో కొట్టి మన దేశంలో వారంటీ ఉందో లేదో షాపులోనైతే డబ్బులిచ్చే ముందే, ఆన్‌లైన్లోనైతే అందగానే చూడండి. ఇంటికొచ్చాక 9వ నంబరు, అంటే తిరిగిన గంటలు, సున్నాకు దగ్గర్లో ఉండాలి. ఆ అంకెను కూడా చెరిపేసే మోసగాళ్లున్నారు. 2025 మొదట్లో, డేటా సెంటర్లలో వేల గంటలు తిరిగిన సీగేట్ డ్రైవులను కొందరు అమ్మకందార్లు జర్మనీలో కొత్తవిగా అమ్మిన సంగతి అలాగే బయటపడింది: స్మార్ట్‌లో గంటలు సున్నా, సీగేట్ డ్రైవులు లోపల విడిగా రాసుకునే ఫార్మ్ లాగ్‌లో మాత్రం అసలు గంటలు. సీగేట్ డ్రైవైతే స్మార్ట్‌సీటీఎల్ 7.4 లేదా ఆపై వెర్షన్‌తో ఫార్మ్ లాగ్ తీసి రెండూ పోల్చండి. తర్వాత లాంగ్ టెస్ట్ పెట్టండి. 4 టీబీకి ఏడెనిమిది గంటలైనా పడుతుంది. అది తప్పు లేకుండా పూర్తయ్యి, 5, 197 సున్నా ఉన్నాకే డేటా ఎక్కించండి. షాపులో మార్చి ఇచ్చే గడువు లోపలే ఈ పరీక్ష ముగించాలి. ఆ గడువు దాటితే సర్వీసు సెంటర్ ద్వారానే వెళ్లాలి, అక్కడ తిరిగొచ్చేది వేరే డ్రైవు, మీ డేటా కాదు.