ఫలానా అక్షరాలున్న పొడవైన ఇంగ్లిష్ పదం కావాలంటే ఏది మేలు?

పదం ఇంగ్లిష్‌లో ఉండాలి, వీలైనంత పొడవుగా ఉండాలి, అందులో మనం అనుకున్న రెండు మూడు అక్షరాలు తప్పకుండా రావాలి. స్క్రాబుల్ ఆడేవాళ్లకూ, క్రాస్‌వర్డ్ పూరించేవాళ్లకూ, క్లాసులో పదాల ఆటలు ఆడించే టీచర్లకూ ఈ పని తరచూ పడుతుంది. దీనికి నాలుగు దారులున్నాయి. సొంతంగా ఆలోచించడం, పదాలు వెతికిపెట్టే సైట్లు, పదాల జాబితా దగ్గర పెట్టుకుని మనమే వెతుక్కోవడం, ఏఐ చాట్‌బాట్‌ని అడగడం. నా ఓటు మూడోదానికే. అయితే ముందు సొంత ఆలోచనకి కాస్త టైమ్ ఇవ్వమంటాను.

ఎందుకంటే ఇంగ్లిష్‌లో పొడవాటి పదాలు చాలావరకు అతుకులతో పెరిగినవే. ముందు ఒక ముక్క, వెనక ఒకటి రెండు ముక్కలు తగిలిస్తే చిన్న పదం పెద్దదవుతుంది. ఉదాహరణకి క్యూ, వై రెండూ ఉండాలి అనుకుందాం. క్యూ ఉన్న మాటల్లో కాన్సీక్వెన్స్ అందరికీ తెలిసిందే, 11 అక్షరాలు. దాన్ని కాన్సీక్వెన్షియల్ చేస్తే 13. ముందు ‘ఇన్’ తగిలిస్తే 15. చివర ‘ఎల్, వై’ చేరిస్తే ఇన్‌కాన్సీక్వెన్షియల్లీ, 17 అక్షరాలు. వై కూడా వచ్చేసింది! డిక్షనరీ ముట్టుకోకుండా 17 అక్షరాల దాకా వెళ్లాం. జె, ఎక్స్ రెండూ కావాలన్నా ఇదే పద్ధతి. జక్స్టపోజ్ తడితే చాలు, జక్స్టపొజిషన్ 13 అక్షరాలతో ఎదురుగా ఉంటుంది. అందుకే ఇచ్చిన అక్షరాల్లో అరుదైనదాన్ని ముందు పట్టుకోవాలి. క్యూ, జె, ఎక్స్, జెడ్ ఉన్న మాటలు తక్కువ కాబట్టి వెతకాల్సిన చోటు ఇరుకవుతుంది. ఈ, ఎస్, టి లాంటివి ఎలాగూ వాటంతట అవే వస్తాయి.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోటుంది. దొరికినదానికంటే పొడవైనది ఇంకొకటి ఉందో లేదో ఎప్పటికీ తేలదు. అచ్చు డిక్షనరీ కూడా ఇక్కడ సాయపడదు, అది మొదటి అక్షరం వరసలో ఉంటుంది కదా. పదం చివరి అక్షరాలతో వెతకడానికి మెరియమ్ వెబ్‌స్టర్ అనే అమెరికా డిక్షనరీల సంస్థవాళ్లు ఒకప్పుడు దాదాపు 3,15,000 కార్డుల మీద పదాలను వెనక నుంచి ముందుకి టైపు చేయించి పెట్టుకున్నారు. ఇప్పుడు కంప్యూటర్ చిటికెలో చేసే పనికి వాళ్లు పడ్డ శ్రమ అది.

ఇక సైట్ల సంగతి. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఇచ్చిన అక్షరాలతో మాత్రమే పదాలు కట్టేవి కొన్ని, ఇచ్చిన అక్షరాలు లోపల ఎక్కడో ఉన్న పదాలు చూపించేవి కొన్ని. మొదటి రకంలో ఏడు అక్షరాలు ఇస్తే ఏడుకి మించిన పదం రానే రాదు. మనకి కావలసింది రెండో రకం. అందులోనూ అక్షరాలు పక్కపక్కనే ఉండాలా, ఇచ్చిన వరసలో దూరదూరంగా ఉన్నా ఫర్వాలేదా, అసలు వరసే అక్కర్లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. ఈ తేడా చూసుకోకుండా ‘అలాంటి పదం లేదు’ అని వదిలేసేవాళ్లు ఎందరో!

ఫోన్ తప్ప ఇంకేమీ చేతిలో లేనప్పుడు వన్‌లుక్ లాంటి సైటు మంచిదే. ప్రశ్నార్థకం గుర్తు పెడితే ఏదో ఒక అక్షరం అని, నక్షత్రం గుర్తు పెడితే ఎన్ని అక్షరాలైనా అని అర్థం చేసుకుంటుంది. క్రాస్‌వర్డ్‌కి ఇంతకంటే తేలికైనది లేదు. కానీ చాలా సైట్లు స్క్రాబుల్ జాబితాల మీద నడుస్తాయి. స్క్రాబుల్ బోర్డు అడ్డంగా 15 గళ్లు, నిలువుగా 15 గళ్లు. అందుకే కాలిన్స్ స్క్రాబుల్ జాబితా 2019 ప్రతిలో 2,79,496 పదాలున్నా 15 అక్షరాలు దాటింది ఒక్కటీ ఉండదు. పైన మనం కట్టిన 17 అక్షరాల మాట అందులో దొరకదు. 28 అక్షరాల యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం అయితే చెప్పనే అక్కర్లేదు.

అందుకే జాబితా మన చేతిలో ఉండాలంటాను. మ్యాక్ కంప్యూటర్లలో ‘వర్డ్స్’ పేరుతో ఒక ఫైలు ముందే ఉంటుంది. 1934 నాటి వెబ్‌స్టర్ రెండో అంతర్జాతీయ నిఘంటువు నుంచి తీసిన సుమారు 2,35,000 మాటలు అందులో ఉన్నాయి. పొడవు మీద హద్దు లేదు. పాతది కాబట్టి ఇంటర్నెట్ లాంటి కొత్త మాటలు ఉండవు, బహువచనాలు తక్కువ, మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ కలిసిపోయి ఉంటాయి. పెద్దక్షరంతో మొదలయ్యేవి తీసేస్తే ఆ బెడద చాలావరకు పోతుంది.

వెతకడానికి గ్రెప్ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు. కెన్ థాంప్సన్ అనే కంప్యూటర్ నిపుణుడు యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసినది, ఇప్పటికీ అదే పని చేస్తోంది. క్యూ ఉన్నవి తియ్యమని ఒకసారి, వచ్చినవాటిలో వై ఉన్నవి తియ్యమని మరోసారి, ఇలా ఎన్ని అక్షరాలైనా ఒక్కొక్కటిగా వడపోయొచ్చు. వరస ముఖ్యమైతే ఒక్క నమూనాతో తేలిపోతుంది. ‘ఏ’ రాసి ఒక చుక్క, ఒక నక్షత్రం (మధ్యలో ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చని దానర్థం). ‘ఈ’ రాసి మళ్లీ చుక్క, నక్షత్రం. అలా యు దాకా రాస్తే ఐదు అచ్చులూ వరసగా వచ్చే పదాలు బయటపడతాయి. ఫెసీషియస్, 10 అక్షరాల ఆబ్స్టీమియస్ ఆ కోవలోవే. అదే నమూనా యు నుంచి ఏ వరకు తిరగేసి రాసి చూడండి. సబ్‌కాంటినెంటల్, 15 అక్షరాల అన్‌కాంప్లిమెంటరీ సరిగ్గా ఆ వరసకి సరిపోతాయి. ఇలాంటివి తల బద్దలుకొట్టుకున్నా తట్టడం కష్టం. ఏ అక్షరమూ రెండుసార్లు రాకూడదు అనే షరతు కూడా పెట్టొచ్చు. అన్‌కాపీరైటబుల్ 15 అక్షరాలూ వేరువేరే. అక్షరాలు ఉండాలన్నట్టే ఉండకూడదని కూడా అడగొచ్చు. ఫ్లాక్సినాసినైహిలిపిలిఫికేషన్‌లో 29 అక్షరాలున్నా ‘ఈ’ అక్షరం ఒక్కటి కూడా లేదు.

కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లకు ఎక్సెల్ ఉంది. ఒక షీటులో పది లక్షలకు పైగా వరసలు పడతాయి కాబట్టి జాబితా మొత్తం ఒకే కాలమ్‌లో పెట్టొచ్చు. పక్క కాలమ్‌లో లెన్ ఫంక్షన్‌తో పొడవు తెప్పించి, పెద్దవి పైకి వచ్చేలా సార్ట్ చేసి, కావలసిన అక్షరాలతో ఫిల్టర్ పెడితే మొదటి వరసలో ఉన్నదే మీ పదం. కమాండ్లు రాసేంత చకచకా సాగకపోయినా ‘ఆ జాబితాలో ఇంతకంటే పొడవైనది లేదు’ అని ధైర్యంగా చెప్పొచ్చు. నాకు ఈ భరోసా అన్నిటికంటే ముఖ్యం.

చాట్‌బాట్‌ని మాత్రం ఈ పనికి నమ్మను. అవి పదాన్ని అక్షరం అక్షరంగా కాక ముక్కలుగా చూస్తాయి. అందుకే లేని అక్షరం ఉందంటాయి, పొడవు తప్పు చెబుతాయి, ఒక్కోసారి లేని మాటనే పుట్టిస్తాయి. అర్థం మీద ఆధారపడిన వెతుకులాటకైతే పనికొస్తాయి. ‘పెద్దగా ప్రాధాన్యం లేని విధంగా’ అనే అర్థంలో క్యూ ఉన్న పొడవైన మాట చెప్పమంటే దారి చూపించగలవు. వచ్చిన మాటని మాత్రం జాబితాలో ఒకసారి సరిచూసుకోవాలి. పోటీలో ఆడుతున్నట్టయితే ఆ పోటీ ఒప్పుకునే జాబితాలోనే చూడాలి, ఒక జాబితాలో చెల్లే పదం ఇంకో దాంట్లో చెల్లకపోవచ్చు.