రైల్వే ఉద్యోగమా, మన లీగా, విదేశీ క్లబ్బా: ఫుట్‌బాల్ ఆడే అమ్మాయికి ఏది మేలు?

మా సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో ఆడపిల్ల ఆటల్లోకి వెళ్తానంటే ఈ రోజుల్లో ఎవరూ వింతగా చూడరు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పిల్ల మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. అందుకే వెయిట్‌లిఫ్టింగ్ అంటే ఇక్కడ తల్లిదండ్రులకు ఓ దారి కనిపిస్తుంది: పతకం, స్పోర్ట్స్ కోటా, ఉద్యోగం. అదే పిల్ల ఫుట్‌బాల్ అంటే మాత్రం ఆ దారి ఎటు పోతుందో తెలియక వెనకాడతారు.

నేను పీఈటీని. సాయంత్రం స్కూల్ వదిలాక సగం గ్రౌండ్ క్రికెట్ ఆడే అబ్బాయిలది, మిగిలిన సగం మా అమ్మాయిలది. గోల్‌పోస్టులంటే రెండు వెదురు గెడలు. ఎర్రమట్టి నేల మీద ఉత్త కాళ్లతో ఆడీ ఆడీ బొటనవేలి గోళ్లు నల్లబడిపోయిన పిల్లలు వాళ్లు. వాళ్ల తల్లులు నన్నడిగేది ఒకటే: "ఆట బాగానే ఉంది మేడం, రేపు మా గుంటకి దీని వల్ల ఏటొస్తాది?" అడగాల్సిన ప్రశ్నే అది. నాకు తెలిసినంతలో జవాబు చెప్తాను.

ముందు ఉద్యోగం సంగతి. రైల్వేకి మంచి మహిళా జట్టుంది. 2021 చివర్లో జరిగిన సీనియర్ నేషనల్స్ ఫైనల్లో మణిపూర్‌తో పెనాల్టీల దాకా పోరాడింది ఆ జట్టే. పోలీసు శాఖలు, కేంద్ర బలగాలు కూడా క్రీడాకారిణులను తీసుకుంటాయి. నెల తిరిగేసరికి జీతం, మెడికల్, పెన్షన్ భరోసా. ఇంటికి ఒక్క సంపాదనే ఆధారమైన చోట దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే చాలామంది విషయంలో ఉద్యోగం చేతికందగానే ఆట నెమ్మదిస్తుంది. ఏడాదికి కొన్ని టోర్నమెంట్లు, మిగతా రోజులు డ్యూటీ. పందొమ్మిదేళ్లకే ఆ స్థితిలోకి వెళ్తే ఆటలో పెరగాల్సిన వయసు డ్యూటీలోనే గడిచిపోతుంది.

ఇక మన లీగు. ఇండియన్ విమెన్స్ లీగ్ 2016-17లో మొదలైంది. కేరళలోని గోకులం క్లబ్బు మూడుసార్లు గెలిచింది. 2023-24లో ఒడిశా ఎఫ్‌సీ, 2024-25లో ఈస్ట్ బెంగాల్ ఛాంపియన్లు. పై లీగులోని ఒక్కో క్లబ్బు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి రూ. 3.2 లక్షలకు తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో నిర్ణయించింది. అంటే నెలకు పాతిక వేల పైన. మా వైపు ప్రైవేటు స్కూల్ టీచరుకి కూడా అంత ఇవ్వని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి చిన్న మొత్తమేమీ కాదు, అలాగని జీవితానికి సరిపోయేదీ కాదు. అసలు కొరత డబ్బుకంటే మ్యాచ్‌లకు. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. జనవరిలో మొదలైన సీజన్ ఏప్రిల్‌కే అయిపోయింది. అదే ఏడాది ఇంగ్లండ్ పై లీగులో ఒక్కో జట్టు 22 లీగ్ మ్యాచ్‌లు ఆడి, వాటికి తోడు రెండు కప్పుల్లోనూ ఆడింది. ఫుట్‌బాల్ నేర్చుకునేది మ్యాచ్‌లోనే. ఉత్త ప్రాక్టీసుతో ఎవరూ ఎదగరు.

మన ప్రాంతం వాళ్లకు ఇక్కడో వెసులుబాటుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పలాసలో రైలెక్కితే నాలుగైదు గంటల్లో భువనేశ్వర్. 2022 అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో భారత్ తన మ్యాచ్‌లు ఆడింది అక్కడి కళింగ స్టేడియంలోనే. అమెరికా చేతిలో 8-0తో, బ్రెజిల్ చేతిలో 5-0తో ఓడిపోయాం, నిజమే. కానీ ఆ జట్లలోని పదహారేళ్ల అమ్మాయిల వేగం, పాస్ ఇచ్చే తీరు మనవాళ్లు దగ్గర నుంచి చూశారు. ఒడిశాలో మహిళల ఫుట్‌బాల్‌కి స్పోర్ట్స్ హాస్టళ్లున్నాయి, నీతా అకాడమీ లాంటి క్లబ్బులున్నాయి. ఇచ్ఛాపురం, సోంపేట అమ్మాయికి విజయవాడకంటే భువనేశ్వరే దగ్గర. సెలక్షన్లకు ముందు అటు చూడమని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు అందరూ కళ్లింతలు చేసుకుని వినే మాట: విదేశీ క్లబ్బు. మనవాళ్లు వెళ్లారు, ఆడారు కూడా. అదితి చౌహాన్ ఇంగ్లండ్‌లో లఫ్‌బరో యూనివర్సిటీలో చదువుకుంటూ 2015లో వెస్ట్ హామ్‌కి గోల్‌కీపర్‌గా ఆడింది. బాలాదేవి 2020 జనవరిలో గ్లాస్గోలోని రేంజర్స్‌తో పద్దెనిమిది నెలల ఒప్పందం చేసుకుంది. మనీషా కల్యాణ్ 2022లో సైప్రస్ క్లబ్బు అపోలన్ తరఫున యూరప్ ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలైంది. తర్వాత గ్రీస్‌కి, అక్కణ్నుంచి పెరూకి వెళ్లింది. మన తెలుగు పిల్ల, నిజామాబాద్ జిల్లా సౌమ్య గుగులోత్ 2022లోనే క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కి వెళ్లింది. తిరిగొచ్చి, మన లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది.

ఈ పేర్లలో నాకు ఎక్కువ ఉపయోగపడేది బాలాదేవిది. ఆమె మణిపూర్ పోలీసు ఉద్యోగి. రేంజర్స్‌కి వెళ్లేసరికి ఆమెకు ఇరవై తొమ్మిది దాటాయి. వెళ్లిన రెండు నెలలకే కోవిడ్ వల్ల లీగు ఆగిపోయింది. అయినా ఉండి, ఆ డిసెంబరులో మదర్‌వెల్‌ మీద గోల్ కొట్టింది. ఉద్యోగమా, విదేశమా అని మనం రెంటినీ ఎదురెదురుగా పెట్టి తల పట్టుకుంటాం గానీ ఆమె రెండూ చేసింది. అయితే ఆమె డిపార్ట్‌మెంటుకి మణిపూర్ లీగులోనూ, జాతీయ స్థాయిలోనూ ఆడిన సొంత క్లబ్బుంది. ఆడటానికి వదిలే డిపార్ట్‌మెంటుకీ, ఆఫీసులో కూర్చోబెట్టే డిపార్ట్‌మెంటుకీ చాలా తేడా. ఉద్యోగంలో చేరేముందు జీతం ఎంతని అడిగినట్టే, క్లబ్బు కోసం, జాతీయ జట్టు క్యాంపు కోసం సెలవిస్తారా అని కూడా అడగండి.

విదేశం వల్ల వచ్చే లాభమేమిటో ఆడపిల్లలకు నేను ఇలా చెప్తాను. అక్కడ రోజూ ప్రాక్టీసుకి వచ్చే ఇరవై మందీ నీకంటే వేగంగా ఆలోచిస్తారు. బంతి నీ దగ్గరికి రాకముందే ఎటు తిప్పాలో నీకు తెలిసుండాలి. ఇక్కడ మూడు టచ్‌లు తీసుకున్నా ఎవరూ మీదికి రారు, అక్కడ రెండో టచ్‌కే బంతి పోతుంది. ఏడాది అలా గడిస్తే ఆట మారుతుంది, ఆ మార్పు జాతీయ జట్టుకీ అందుతుంది. 2025 జులైలో మన జట్టు చియాంగ్ మాయిలో థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీత బస్ఫోర్‌వే. ఆమె ఆడుతున్నది మన లీగులో. కాబట్టి దేశం జట్టులోకి రావాలంటే విదేశం వెళ్లి తీరాలన్న మాట కూడా నిజం కాదు.

నష్టాల్లో నన్ను భయపెట్టేది చలి కాదు, తిండి కాదు. చోడి అంబలి దొరకని ఊళ్లో కూడా పిల్ల నెల రోజుల్లో అలవాటు పడిపోతుంది. భయపెట్టేది బెంచీ. పెద్ద క్లబ్బు పేరు చూసి వెళ్లి సీజనంతా కూర్చుంటే, ఇక్కడ ఆడే 14 మ్యాచ్‌లు కూడా పోయినట్టే. రెండోది మోకాలు. ఆడవాళ్లలో ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, తెగే ప్రమాదం మగవాళ్లకంటే రెండు రెట్ల పైనే. ఆపరేషన్ తర్వాత మళ్లీ మ్యాచ్ ఆడటానికి తొమ్మిది నెలలు పట్టొచ్చు. ఒక్క సీజన్‌కే కాంట్రాక్టయితే కాలు బాగయ్యేలోపు అది ముగిసిపోతుంది. అందుకే కాంట్రాక్టులో జీతం అంకె కంటే ముందు నేను వెతికేది ఇన్సూరెన్స్ పేజీ: ఆపరేషన్ ఖర్చు ఎవరిది, ఫిజియోథెరపీ ఎంతకాలం, మధ్యలో ఒప్పందం ముగిస్తే ఏమిటి. ఇల్లు, రాను పోను టికెట్లు, జీతం పన్ను పోనా పోకముందా అన్నవి ఆ తర్వాత.

ఏజెంట్ల విషయం ఉద్దానం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. గల్ఫ్ వీసా పేరుతో డబ్బు కట్టి మోసపోయిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. ఫుట్‌బాల్‌లోనూ ట్రయల్స్ ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లు తగులుతారు. ఆటగాళ్ల ఏజెంటుకి ఫిఫా లైసెన్సుండాలి, ఆ జాబితా ఫిఫా వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. నిన్ను నిజంగా కావాలనుకున్న క్లబ్బు నీ దగ్గర డబ్బు తీసుకోదు. పద్దెనిమిదేళ్లు నిండకుండా వేరే దేశం క్లబ్బుకి మారడం, కొన్ని మినహాయింపులు తప్ప, ఫిఫా నియమాల ప్రకారం కుదరదు. టెన్త్ పిల్లకి యూరప్ క్లబ్బు ఇప్పిస్తానన్నాడంటే అక్కడితో మాట ఆపేయండి.

చదువు దారిలో వెళ్లడం మన ఇళ్లకు కాస్త అర్థమయ్యే మాట, ఎమ్మెస్‌కి పిల్లల్ని పంపడం అలవాటే కాబట్టి. కానీ ఒక చిక్కుంది. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ప్రొఫెషనల్ క్రీడాకారిణిగా ఆడటానికి వీల్లేదు. అమెచ్యూర్‌గానే ఆడాలి. స్పోర్ట్స్ సైన్స్, ఫిజియోథెరపీ, కోచింగ్ లాంటివి చదవాలనున్న పిల్లకి ఇది మంచి దారే. అప్పు చేసి ఆట కోసమే వెళ్లడం మాత్రం వద్దు.

నన్నడిగితే వరస ఇది. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వరకు ఒడిశా, బెంగాల్, కేరళల్లో ఆడించే క్లబ్బు, పక్కన డిగ్రీ. మూడు సీజన్లు పదకొండు మందిలో స్థానం నిలబెట్టుకున్నాక విదేశం, అదీ పేరున్న క్లబ్బు కాదు, మ్యాచ్‌లో దింపే క్లబ్బు. సైప్రస్, క్రొయేషియా లాంటివి మనవాళ్లకు అందిన మెట్లు. ఇంగ్లండ్ వర్క్ పర్మిట్‌కి జాతీయ జట్టు ర్యాంకు, అందులో నువ్వాడిన మ్యాచ్‌లు లెక్కకొస్తాయి, మన ర్యాంకుతో అది కష్టం. మధ్యలో ఎప్పుడు ఉద్యోగం వచ్చినా, ఆడనిచ్చేదైతే తీసుకోవాలి. ఇంట్లో తమ్ముడి ఫీజు, నాన్న మందులు ఆ పిల్ల మీదే ఆధారపడి ఉంటే మాత్రం ఉద్యోగమే ముందు, అందులో రెండో మాట లేదు.

ఇంటర్ చదివే అమ్మాయి ఈ ఏడాదే చేయగలిగినవి రెండున్నాయి. ఆధార్‌లో, టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో పేరూ పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోవడం ఒకటి, తేడా ఉంటే సరిచేయించడానికి నెలలు పడుతుంది. మ్యాచ్ మొత్తం ఫోన్‌లో తీయించుకోవడం ఇంకొకటి. గోల్స్ ముక్కలు అతికించిన రెండు నిమిషాల వీడియో కోచ్‌కి పనికిరాదు. బంతి నీ దగ్గర లేనప్పుడు ఎక్కడ నిలబడ్డావు, పోగొట్టుకున్నాక ఎంత వేగంగా వెనక్కి పరిగెత్తావు అన్నదే వాళ్లు చూస్తారు. తీసేవాళ్లు బంతి వెంట కాకుండా గ్రౌండంతా కనిపించేలా ఎత్తులో నిలబడి తీయాలి, మా స్కూల్లో అయితే మేడ మీద నుంచి.