రోహిణి కార్తెలో ఓవర్‌క్లాక్: ఏళ్లుగా వాడుతున్న రైజెన్ 5 1600

పాలకొల్లులో మాది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో. 2017లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 1600 మీదే ఇప్పటికీ పని నడుస్తోంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కూలర్ డబ్బాలోనే వచ్చింది. ఖరీదెక్కువ ఉన్న 1600ఎక్స్‌లోనూ అవే ఆరు కోర్లు, పైగా దానికి కూలర్ విడిగా కొనాలి. ముఖ్యమైన తేడా క్లాకులోనే, అంటే చిప్ నడిచే వేగంలోనే. అది బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, మనమే పెంచుకోవచ్చు కదా (ఓవర్‌క్లాక్ అంటే ఇదే) అని చవకదే తీసుకున్నాను. అప్పట్లో ఇంటెల్‌లో ఈ సరదా తీరాలంటే పేరు చివర కె ఉన్న చిప్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ కావాలి. ఇక ఆదా ఎక్కడిది? ఏఎండీలో బి350 బోర్డు చాలు. ఏ320లో మాత్రం ఓవర్‌క్లాక్ కుదరదు.

అన్ని కోర్లూ పనిలో ఉంటే ఇది మామూలుగా 3.4 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. నాది 1.35 వోల్టుల మీద 3.8 దగ్గర నిలబడింది. 3.9 కూడా ఎక్కింది గానీ, వీడియో ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోతుంటే ఆ కాస్త వేగం ఎవరికి కావాలి? గంట పట్టే ఎక్స్‌పోర్ట్‌లో ఆరు నిమిషాలు కలిసొస్తాయి. సీజన్‌లో రోజంతా ఇదే పని కాబట్టి నాకది లెక్కే. బిల్లులు కొట్టుకునేవాళ్లకు తేడా కూడా తెలియదు.

అసలు గొడవంతా వేడితోనే. చిప్ తినే కరెంటు క్లాకుతో పాటు పెరుగుతుంది, వోల్టేజి పెంచితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.2 వోల్టులతో 3.4 నుంచి 1.35తో 3.8కి వెళ్తే వేగం 12 శాతం, వేడి 40 శాతం పెరిగినట్టు. గది ఎంత కాగితే చిప్ కూడా దాదాపు అంతే కాగుతుంది. మనకేమో పెళ్లిళ్లూ ఎండలూ ఒక్కసారే వస్తాయి. సంక్రాంతికి 70ల్లో ఉన్న టెంపరేచర్ మే నెలలో 85 దాటింది, పరిమితి 95. అందుకే వేసవికి 1.2 వోల్టులతో 3.6 అని ఇంకో ప్రొఫైల్ సేవ్ చేసుకున్నాను. పోయేది మూడు నిమిషాలే, ఫ్యాను గోల ఉండదు. నిజానికి ఇప్పుడు ఏడాదంతా దాదాపు దానిమీదే నడిపిస్తున్నాను.

రైసుమిల్లుల ఊక దుమ్ము కూలర్ రెక్కల్లో పేరుకుపోతుంది, ఊదుతూ ఉండాలి. బోర్డు కొనేటప్పుడు ప్రాసెసర్‌కి కరెంటిచ్చే భాగం మీద వేడిని లాగేసే హీట్‌సింక్ ఉందో లేదో చూడండి. రాత్రుళ్లు రొయ్యల చెరువుల ఏరేటర్లు మొదలయ్యాక మా లైన్లో లో వోల్టేజి. యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు.

పైసా ఖర్చు లేని లాభం ర్యామ్‌లో ఉంది. డబ్బా మీద 3200 అని ఉన్నా, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేసేదాకా అది తక్కువ వేగంతోనే నడుస్తుంది. ఈ చిప్‌లో కోర్లు మూడేసి చొప్పున రెండు గుంపులు. వాటి మధ్య దారి ర్యామ్ క్లాకుతో కట్టుబడి ఉంటుంది. ముందు అది సరిచేసుకోండి.

ఇవాళ కొత్తగా కొనాలంటే మాత్రం ఇది వద్దు. విండోస్ 11 అధికారిక జాబితాలో ఇది లేదు, విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరుతో ముగిసింది. చాలా బి350 బోర్డులు బయాస్ అప్‌డేట్ చేస్తే రైజెన్ 5 5600ని తీసుకుంటాయి. నా తర్వాతి ఖర్చు అదే. దానంతటదే 4.4 దాకా వెళ్తుంది, క్లాకును చేత్తో బిగిస్తే ఒక్కోసారి నష్టమే. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే. లైన్‌మ్యాన్‌ని కనుక్కుని మరీ మొదలుపెట్టండి.